ప్లాస్టరింగ్ కాకముందే ఈ వైర్లు లాగించు

చిన్నా,

నువ్వు పంపిన హోమ్ థియేటర్ గది ప్లాన్ చూశాను. ఆంప్‌నీ (స్పీకర్లని నడిపే ఆంప్లిఫయర్) సెట్‌టాప్ బాక్స్‌నీ చెక్క అల్మరాలో పెట్టి తలుపు మూసేస్తానన్నావు. చూడ్డానికి బావుంటుంది గానీ, రిమోట్ వెలుతురు చెక్కలోంచి దూరదు కదరా.

దానికి ఐఆర్ రిపీటర్ అని, రిమోట్ పంపే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనబడని వెలుతురు) సంకేతాన్ని అల్మరా లోపలికి చేరవేసే చిన్న పెట్టె దొరుకుతుంది. స్క్రీన్ పక్కన ఒక రిసీవర్ పెట్టి, దాని వైరు అల్మరాలోని ఈ పెట్టెకి తేవాలి. అక్కణ్ణుంచి ఒక్కో పరికరానికి ఒక్కో ఎమిటర్. ఎమిటరంటే శనగగింజంత బల్బు, వెనక జిగురుంటుంది. దాన్ని సరిగ్గా పరికరం కన్ను మీదే, అంటే రిమోట్ సంకేతం అందుకునే చోటే అతికించాలి, అంగుళం పక్కకి పోయినా ఒక్కోసారి పలకదు. కన్ను ఎక్కడుందో తెలియకపోతే ముందున్న నల్ల ప్లాస్టిక్ మీద టార్చ్ పక్కనుంచి వెయ్యి, లోపల చిన్న బొడిపె కనబడుతుంది. ఎమిటర్ వెలుగుతోందా లేదా అన్నది ఫోన్ సెల్ఫీ కెమెరాలో చూడు, లేత ఊదారంగులో మినుకుమంటుంది. వెనక కెమెరాలో కనబడకపోతే టెన్షన్ పడకు, చాలా ఫోన్లలో దానికి ఫిల్టర్ ఉంటుంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం జాగ్రత్తగా చదువు. ఆంప్ వెనక 'ట్రిగర్ అవుట్' అని ఒక రంధ్రం ఉంటుంది. ఐఆర్ రంధ్రమూ అదే 3.5 మిల్లీమీటర్ల సైజు. రెండూ పక్కపక్కనే ఉన్నా పనులు వేరు. ఐఆర్‌లో నడిచేది సంకేతం, మామూలుగా సెకనుకి 38 వేలసార్లు కొట్టుకుంటుంది. ట్రిగర్‌లో ఆంప్ ఆన్‌లో ఉన్నంతసేపూ 12 వోల్టులు నిలకడగా ఉంటాయి. నేను నేర్చుకునే రోజుల్లో ఒకరింట్లో చీకట్లో తడుముకుంటూ ఎమిటర్‌ని ట్రిగర్‌లో గుచ్చాను. బల్బు మాడిపోయింది. అది తెలియక గంటసేపు రిమోట్‌లో బ్యాటరీలు మారుస్తూ కూర్చున్నాను! అప్పట్నుంచీ ప్రతి వైరుకీ రెండు చివర్లా టేపు చుట్టి పేరు రాయందే గుచ్చను.

ట్రిగర్ నీకు స్క్రీన్ కోసం కావాలి. ఆంప్ ఆన్ చేస్తే స్క్రీన్ దిగుతుంది, ఆపితే పైకెళ్తుంది. కానీ స్క్రీన్ మోటారు 230 వోల్టులది, ట్రిగర్ ఇచ్చే కరెంటు చాలా కొద్ది. నేరుగా కలిపితే ఆంప్ పోతుంది. మధ్యలో స్క్రీన్ కంపెనీ ఇచ్చే ట్రిగర్ బాక్స్ పెట్టించు. ఆ 230 వోల్టుల పని ఎలక్ట్రీషియన్‌కే వదిలెయ్. కరెంటు వైర్లున్న పైపులో ఈ సిగ్నల్ వైర్లు దూర్చనివ్వకు. "ఒకే పైపు చాలు సార్" అంటాడు, వినకు. అల్మరా నుంచి స్క్రీన్ దాకా, ప్రొజెక్టర్ దాకా వేరే పైపులు వేయించి, లోపల ఒక నైలాన్ తాడు వదిలేయమను. రేపు ఇంకో కేబుల్ లాగాలంటే గోడ పగలగొట్టక్కర్లేదు.

హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే సీఈసీ అని, కలిపిన పరికరాలు ఒకదాన్నొకటి నడిపించుకునే సదుపాయం ఒకటుంది. సామ్‌సంగ్ ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్లింక్, సోనీ బ్రావియా సింక్. అన్నీ అదే. టీవీ రిమోట్‌తోనే ఆంప్ వాల్యూమ్ మారుతుంది, హాయి. కాకపోతే మీ నాన్న పాటలు వింటుంటే ఎవరో టీవీ ఆపుతారు, ఆంప్ కూడా ఆగిపోతుంది. ఆ తగువు నువ్వే తీర్చుకోవాలి, లేదా ఆంప్ సెట్టింగుల్లో పవర్ కంట్రోల్ విడిగా ఆపే వీలుందేమో చూసుకో.

ఒకే బటన్‌తో అన్నీ ఆన్ అవ్వాలన్నావు. చాలా రిమోట్లలో ఆన్‌కీ ఆఫ్‌కీ ఒకటే బటన్. ప్రొజెక్టర్ ముందే ఆన్‌లో ఉంటే నీ బటన్ దాన్ని ఆపేసి, మిగతావాటిని ఆన్ చేస్తుంది. ఆన్‌కి వేరు, ఆఫ్‌కి వేరు కోడ్‌లు ఉన్నాయో లేదో కొనేముందే అడుగు. ప్రొజెక్టర్ వెలగడానికి టైం పడుతుంది కాబట్టి, ఆ తర్వాతి కమాండ్‌కి ముందు కాస్త వ్యవధి పెట్టు.

ప్లాస్టరింగ్ ఏ రోజో ఫోన్ చెయ్యి. ముందురోజు సాయంత్రం వచ్చి పైపులు చూసి వెళ్తాను.

బాబాయ్