డౌన్ పేమెంట్ డబ్బు ఎక్కడ దాచాలి?

అమెరికా వచ్చి నాలుగు రాళ్లు వెనకేసుకున్న పిల్లలు తరచూ అడుగుతుంటారు: "వచ్చే ఏడాది ఇల్లు కొందామనుకుంటున్నాం, అందాకా ఆ డబ్బు షేర్లలో పెట్టమంటారా?" వద్దనే చెబుతాను. 2020లో ఫిబ్రవరి 19కీ మార్చి 23కీ మధ్య అమెరికా పెద్ద కంపెనీల షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 దాదాపు 34 శాతం పడింది. అందులో 60 వేల డాలర్లు పెట్టినవారికి 40 వేలు కూడా మిగలలేదు. తర్వాత మార్కెట్ కోలుకుంది, నిజమే. మార్చి నెలాఖరులో రిజిస్ట్రేషన్ పెట్టుకున్నవారికి దానివల్ల ఒరిగిందేమిటి?

అలాగని జీతం పడే ఖాతాలోనే వదిలేయడమూ దండగే. అక్కడ వచ్చే వడ్డీ నామమాత్రం. ఆన్‌లైన్ బ్యాంకులు హై యీల్డ్ సేవింగ్స్ ఖాతాలో అంతకన్నా బాగా ఎక్కువ ఇస్తాయి, అవసరమైనప్పుడు తీసుకోవచ్చు. బ్యాంకు మునిగినా మీ సొమ్ము తిరిగి ఇప్పించే ప్రభుత్వ బీమా, ఎఫ్‌డీఐసీ, ఆ బ్యాంకుకు ఉందో లేదో మాత్రం చూసుకోండి. ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 2,50,000 డాలర్ల వరకు, భార్యాభర్తల జాయింట్ ఖాతాకైతే 5,00,000 వరకు రక్షణ ఉంటుంది.

కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటి చోట్ల ఉంటే ట్రెజరీ బిల్లులూ, అంటే అమెరికా ప్రభుత్వం కొద్దికాలానికి తీసుకునే అప్పు పత్రాలూ చూడండి. 4 వారాల నుంచి 52 వారాల గడువుతో, 100 డాలర్ల నుంచి దొరుకుతాయి. వాటి వడ్డీపై రాష్ట్ర ఆదాయపు పన్ను ఉండదు. టెక్సస్‌లో అసలు ఆ పన్నే లేదు కాబట్టి అక్కడివారికి ఈ లాభం వర్తించదు. సీడీ, అంటే ఇక్కడి ఫిక్స్‌డ్ డిపాజిట్, నాకు అంతగా నచ్చదు. నచ్చిన ఇల్లు దాని గడువు చూసుకుని రాదు కదా, ముందే తీస్తే జరిమానా. అమెరికా ప్రభుత్వ పొదుపు పత్రాలైన ఐ బాండ్లయితే ఏడాది దాకా ముట్టుకోనే కూడదు.

ఎక్కువమంది పప్పులో కాలేసేది మాత్రం ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ (ప్రవాస భారతీయులు ఇండియా బ్యాంకులో రూపాయల్లో వేసేది) దగ్గర. "ఇండియాలో వడ్డీ ఎక్కువ, పన్ను కూడా లేదు" అంటారు. పన్ను లేనిది అక్కడ. మీరు పన్ను లెక్కల్లో అమెరికా నివాసులైతే ఆ వడ్డీని ఇక్కడి రిటర్నులో చూపాల్సిందే. విదేశీ ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల వివరాల పత్రం కూడా అమెరికా ప్రభుత్వానికి దాఖలు చేయాలి. డిపాజిట్‌ను ఏడాది నిండకముందే తీస్తే వడ్డీ పైసా రాదు. 2014 నడిమధ్యన 60 రూపాయల దగ్గరున్న డాలరు పదేళ్లకు 83 దాటింది. అంటే రూపాయల్లో వచ్చిన వడ్డీని తిరిగి డాలర్లు చేసుకునేసరికి మిగిలేది కొంచెమే.

ఇంకో చిక్కు, అప్పిచ్చేవారు సాధారణంగా గత రెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతారు. అందులో ఉన్నట్టుండి 9,000 డాలర్లు పడి ఉంటే ఎక్కడివని నిలదీస్తారు. ఎప్పుడో ఇచ్చిన చేబదులును స్నేహితుడు తీర్చినా, ఇచ్చినట్టు రుజువు చూపాలి. అమ్మానాన్నలు పంపితే తిరిగి ఇవ్వనక్కర్లేదంటూ వారి సంతకంతో గిఫ్ట్ లెటర్ కావాలి. కాబట్టి అటూ ఇటూ ఉన్న సొమ్మంతా అప్పుకు దరఖాస్తు పెట్టడానికి మూడు నెలల ముందే ఒకే ఖాతాలోకి చేర్చి, ఆ తర్వాత కదపకండి. డౌన్ పేమెంట్‌కు తోడు క్లోజింగ్ ఖర్చులు (కొనుగోలు పూర్తయ్యే రోజు కట్టే ఫీజులు) కూడా అందులోంచే తీయాలి, వాటికీ విడిగా కొంత ఉంచుకోండి.