చీకటి పడేలోపు కారు ఆపేయాలి, ముందే చెప్తున్నా

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, క్రిస్మస్ సెలవుల్లో మీ అత్తగారినీ మామగారినీ కార్లో ఎక్కించుకుని ఫీనిక్స్ నుంచి గ్రాండ్ కాన్యన్‌కి నువ్వొక్కదానివే తోలుకుపోతున్నావని చెప్పింది. అల్లుడుగారికి ఆఫీసు పని తెమలదట. సైకిలు నేర్చుకోవే అంటే సందు చివరిదాకా ఏడ్చుకుంటూ పోయిన పిల్ల, ఇప్పుడు పెద్దవాళ్లని వెనక కూర్చోబెట్టుకుని ఏడు వేల అడుగుల ఎత్తుకి కారు ఎక్కిస్తుందంటే గర్వంగానే ఉంది. నిద్ర మాత్రం పట్టలేదు. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పెడితే ఒక బొటనవేలు బొమ్మ పడేసి ఊరుకుంటావు, అందుకే కూర్చుని ఇంత రాస్తున్నా.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తా. దారిలో వచ్చే ఊళ్లు ఫ్లాగ్‌స్టాఫ్‌లోనో విలియమ్స్‌లోనో ట్యాంకు నింపుకో. మ్యాపు ముందే ఫోన్లోకి దింపుకో, అక్కడ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. ఫీనిక్స్‌లో స్వెటర్ అక్కర్లేదు కదా అని ఉత్త చేతులతో బయల్దేరొద్దు, పైన రాత్రిళ్లు నీళ్లు గడ్డకడతాయి. పులిహోర, పెరుగన్నం, మామగారి బీపీ మాత్రలు. ఆ ఎత్తులో నాలుగడుగులు వేస్తేనే ఆయాసం వస్తుంది, వాళ్లని తొందరపెట్టకు.

మామగారు గ్లాసు వంతెన చూపించమంటారు, రాసిపెట్టుకో. ఇండియా నుంచి వచ్చిన ప్రతివాళ్లూ అడిగేది అదే. ఆ స్కైవాక్ 2007లో తెరిచారు, అది హువాలపాయ్ తెగవాళ్ల భూమిలో ఉంది, నేషనల్ పార్కులో కాదు. ఫోన్లో ‘గ్రాండ్ కాన్యన్’ అని కొట్టి, కింద ‘వెస్ట్’ అని ఉన్నది చూసుకోకుండా నొక్కావంటే అక్కడికే తీసుకుపోతుంది. మీరు వెళ్లే సౌత్ రిమ్, అంటే లోయ దక్షిణపు ఒడ్డు, అక్కణ్ణించి నాలుగు గంటల పైమాటే. ఈసారికి కుదరదని ఇంట్లోనే చెప్పేయ్.

ఇప్పుడు అసలు సంగతి. నీ ప్లాన్ మీ అమ్మ నాకు పంపింది. సౌత్ రిమ్ తూర్పు కొసన డెజర్ట్ వ్యూ దగ్గర సూర్యాస్తమయం చూసుకుని, ఆ రాత్రికే పేజ్ అనే ఊరు చేరి హోటల్లో పడుకుంటారట! నూటపది మైళ్లు, రెండు గంటలే కదా పెద్దమ్మా అంటావు. సరిగ్గా ఇలాగే మీ పెదనాన్న కూడా లెక్కేశారు.

మేం అరిజోనా వచ్చిన కొత్తల్లో మా అత్తగారు ఇండియా నుంచి వచ్చారు. పిల్లలు ఇంకా చిన్నవాళ్లు. సెప్టెంబరు నెల. సౌత్ రిమ్‌లో గది దొరకలేదు. పెదనాన్న మడత మ్యాపు డైనింగ్ టేబుల్ మీద పరిచి, వేళ్లతో కొలిచి, ఉత్తరపు ఒడ్డు నార్త్ రిమ్ ఎదురుగానే ఉంది, పది మైళ్లు, ఇక్కడ సూర్యాస్తమయం చూసుకుని భోజనానికి అవతలికి పోదాం అని అక్కడి లాడ్జిలో బుక్ చేశారు. రాజమండ్రిలో రైలెక్కి కొవ్వూరులో దిగినట్టు అనుకున్నారు. ఎదురెదురుగా ఉన్న ఆ రెండు ఒడ్ల మధ్య కారు దాటే వంతెన లేదమ్మా. డెజర్ట్ వ్యూ మీదుగా కామెరన్‌కి దిగాలి, 89 హైవే పట్టుకుని ఉత్తరానికి పోవాలి, మార్బుల్ కాన్యన్ దగ్గర నవాహో వంతెన మీద కొలరాడో నదిని దాటాలి, పడమరకి తిరిగి జేకబ్ లేక్ ఎక్కాలి, అక్కణ్ణించి 67 హైవే మీద మళ్లీ దక్షిణానికి రావాలి. మొత్తం 215 మైళ్లు. పగలైతేనే నాలుగున్నర, ఐదు గంటలు.

అది మాకు తెలిసింది సూర్యుడు మునిగాక. అవతలి ఒడ్డున లాడ్జి లైట్లు మిణుకుమంటుంటే పిల్లలకి చెయ్యి చాపి ‘అదిగో మన గది’ అని కూడా చూపించారు మహానుభావుడు. దారి పొడుగునా మా అత్తగారు బయటి తిండి ముట్టలేదు, చిన్నవాడు సీటు నిండా వాంతి చేసుకున్నాడు, పెట్రోలు ముల్లు కిందికి వాలుతుంటే తెరిచిన బంకు ఒక్కటీ కనబడలేదు. ఇవన్నీ ఒక ఎత్తు, 67 మీది అడవి ఒక ఎత్తు. హెడ్‌లైట్ల వెలుగులో ముందు కళ్లే కనబడ్డాయి, జతలు జతలుగా, ఆకుపచ్చగా. ఒక జింక తోక ఊపుకుంటూ రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. పెదనాన్న బ్రేకు మీద నిలబడ్డంత పని చేశారు, కారు అడ్డం తిరిగి ఆగింది. ముందు సీటు వెనక భాగానికి పెద్దదాని నుదురు తగిలి బొప్పి కట్టింది. జింక మమ్మల్ని తీరిగ్గా చూసి వెళ్లిపోయింది. అక్కణ్ణించి అత్తగారు ఆంజనేయ దండకం ఎత్తుకున్నారు, ఆయన ఇరవై మైళ్ల స్పీడు దాటలేదు, అర్ధరాత్రి దాటాక చేరాం.

మర్నాడు పొద్దున లాడ్జి కిటికీలోంచి ఇవతలి ఒడ్డు చూపించి, చూశావా ఎంత దగ్గరో అన్నారు. ఇప్పటికీ ఆయనకి దగ్గరే! ఆ లాడ్జి 2025 జులైలో డ్రాగన్ బ్రావో అనే కార్చిచ్చులో కాలిపోయింది. ఆ వార్త వచ్చినరోజు ఆయన సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

డిసెంబరులో 67 మూసేస్తారు కాబట్టి నీకు నార్త్ రిమ్ గొడవ లేదు. కానీ సౌత్ రిమ్ వైపు ఎల్క్‌లని పెద్ద దుప్పులు తిరుగుతాయి, జింక వాటి ముందు మేకపిల్ల. పొద్దుగూకే వేళే అవి రోడ్డెక్కుతాయి. పైగా నీది చలికాలం. తెల్లటి మంచైతే కంటికి తెలుస్తుంది, చెట్ల నీడలో రోడ్డు తడిసినట్టు నల్లగా మెరుస్తుంటే అదే జారుడు. అక్కడ గట్టిగా బ్రేకు తొక్కకు, ముందు నుంచే మెల్లగా రా. ఇవన్నీ చీకట్లో ఎలా చూస్తావు?

కాబట్టి గది పార్కు లోపల గ్రామంలోనో, గేటు బయట టుసాయన్‌లోనో తీసుకో. మొదటిరోజు మధ్యాహ్నం హెర్మిట్ రోడ్డు. ఏడు మైళ్లే, లోయ అంచునే పోతుంది. మార్చి నుంచి నవంబరు దాకా అక్కడ సొంత కార్లని రానివ్వరు, బస్సులే. నువ్వు డిసెంబరులో వెళ్తున్నావు, అదృష్టవంతురాలివి. హోపీ పాయింట్‌లో సూర్యాస్తమయం చూసినా గదికి రావడం ఎంతసేపు. చివర హెర్మిట్స్ రెస్ట్ అని 1914 నాటి రాతి కట్టడం ఉంది, లోపల గుహలాంటి పొయ్యి. అత్తగారిని కాసేపు అక్కడ కూర్చోబెట్టు.

రెండోరోజు తెల్లారాక డెజర్ట్ వ్యూ రోడ్డు. దారంతా లోయ కనబడుతుందనుకోకు, చాలావరకు అడవే, ఆగినచోటే తెర తీసినట్టు తెరుచుకుంటుంది. గ్రాండ్‌వ్యూ, మోరన్, లిపాన్. నది బాగా కనబడేది లిపాన్ దగ్గరే, మామగారికి బైనాక్యులర్స్ అక్కడ ఇవ్వు. ఆఖర్న 1932లో కట్టిన రాతి బురుజు. అది కట్టించిన ఆర్కిటెక్టు మేరీ కోల్టర్ అనే ఆవిడ, హెర్మిట్స్ రెస్ట్ కూడా ఆవిడదే. ఆ రోజుల్లో ఒక ఆడమనిషి! ఆగాల్సిన మలుపు దాటిపోతే దాటిపోనీ, రివర్స్ మాత్రం చెయ్యకు. తోలేటప్పుడు లోయ వాళ్లు చూస్తారు, నువ్వు రోడ్డు చూడు. చాలాచోట్ల అంచుకి కటకటాలుండవు, ఫోటో కోసం మామగారు వెనక్కి అడుగు వేస్తుంటే మొహమాటపడకుండా చెయ్యి పట్టుకుని లాగు.

మీ అత్తగారిది జమ్మలమడుగు కదా, మా గండికోటలో పెన్న కూడా ఇలాగే ఉంటుంది అంటారు. ఉంటుంది మరి. వాదించకు. ఇక్కడ లోతు మైలు అత్తయ్యా, అని ఒక్కసారి చెప్పి వదిలెయ్.

మధ్యాహ్నం అన్నాలు తిని అప్పుడు పేజ్ బయల్దేరు, వెలుగుండగానే చేరతావు. పేజ్‌లో మొదటిరోజు రాత్రికి తీసుకున్న హోటల్ ఇప్పుడే రద్దు చేసి, రద్దయినట్టు వచ్చిన మెసేజ్ నాకు పంపు. బొటనవేలు బొమ్మ కాదు, ఆ మెసేజ్. మీ ముగ్గురికీ ఉన్ని మఫ్లర్లు పోస్టులో వేస్తున్నా, అపార్ట్‌మెంట్ నంబరు మర్చిపోయాను, అదీ పెట్టు.

మీ పెద్దమ్మ