మొదటి బ్యాచ్‌కి ఏవి కొనాలి, ఎవరి దగ్గర కొనాలి

ఇంట్లో ఇరవై లీటర్ల బీర్ చేయడానికి పరికరాల పెద్ద కిట్ కొనాలా, విడివిడిగా కొనాలా అని అడిగారు కదా. విడిగానే కొనండి. పెద్ద కిట్లలో సగం వస్తువులు మొదటి ఏడాది పెట్టెలోంచి బయటికి రావు.

25-30 లీటర్ల ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ బకెట్, ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని బయటికి వదిలి, బయటి గాలిని లోపలికి రానివ్వని మూత), బీర్‌ని సీసాల్లోకి దించే సైఫన్ గొట్టం, థర్మామీటర్, సీసాలకు మూతలు బిగించే క్యాపర్, కడగనక్కర్లేని శానిటైజర్ చాలు. గాజు జాడీ తడిచేతుల్లోంచి జారితే ప్రమాదం, ఇప్పుడే వద్దు. బకెట్‌ని మాత్రం గరుకు పీచుతో తోమకండి. నేను తోమాను. ఆ సన్నటి గీతల్లో బ్యాక్టీరియా చేరి తర్వాతి బ్యాచ్ మొత్తం పుల్లబడి పాడైపోయింది.

వీటితోపాటు హైడ్రోమీటర్ కూడా కావాలి. ద్రవం సాంద్రత కొలిచి, పులియడం ఎంతవరకు వచ్చిందో చెప్పే పరికరం ఇది. దీని దగ్గర పొదుపు వద్దు. ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగినంత మాత్రాన పులియడం అయిపోయినట్టు కాదు. రీడింగ్ వరసగా మూడు రోజులు మారకపోతేనే సీసాల్లో పోయండి. తొందరపడితే సీసాలు పేలతాయి, నిజంగానే. హైడ్రోమీటర్ కొన్నాక 20 డిగ్రీల నీళ్లలో వేసి చూడండి, 1.000 చూపాలి.

ఇక సప్లయర్. ధర కన్నా ముందు సరుకు ఎలా దాస్తారో అడగండి. హాప్స్ (బీర్‌కి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) గాలి తీసిన ప్యాకెట్లో, ఫ్రిజ్‌లో ఉండాలి. ఈస్ట్ (బీర్‌ని పులియబెట్టే సూక్ష్మజీవి) ప్యాకెట్ మీద గడువు తేదీ చెప్పలేని షాపు మనకొద్దు. లిక్విడ్ ఈస్ట్ ప్రయాణంలో వేడికి పాడవుతుంది కాబట్టి మొదట్లో డ్రై ఈస్టే మేలు. మాల్ట్‌ని (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ లాంటి గింజలు) ఆర్డర్ వచ్చాక బరకగా ఆడించి పంపేవాళ్లు దొరికితే వదలకండి.