ముక్కు స్ప్రే మానేశారు... మరి ఆ పొట్లం మాత్రల సంగతి?

ప్రశ్న: నా వయసు 41. మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. ఆరేళ్లుగా పొద్దున లేస్తూనే ఇరవై ముప్ఫై తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద. రాత్రి పడుకుంటే ముక్కు రెండు వైపులా బిగుసుకుపోతుంది. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కల మందు వేసుకుంటేనే నిద్ర పడుతుంది. ఏడాదిగా అదే వాడుతున్నాను. మా ఇంటి వెనకే బెల్లం గానుగ ఉంది. బెల్లం వండే రోజుల్లో ఆయాసం, రాత్రిళ్లు పిల్లికూతలు. అప్పుడు షాపులో మూడు రకాల మాత్రలు పొట్లం కట్టి ఇస్తారు, సాయంత్రానికల్లా తగ్గిపోతుంది. నెలలో పది పన్నెండు రోజులు వేసుకుంటాను. ఈమధ్య చిత్తూరులో చూపిస్తే ముక్కులో కొట్టే స్ప్రే రాశారు. నాలుగు రోజులు కొట్టినా గుణం కనపడలేదు. చీదితే రక్తపు చార వచ్చింది. అది స్టెరాయిడ్ అని, ఒళ్లు వస్తుందని, షుగర్ వస్తుందని, కరోనా అప్పుడు బ్లాక్ ఫంగస్ కూడా స్టెరాయిడ్ వల్లే వచ్చిందని మా ఆడపడుచు చెబితే భయపడి మానేశాను. స్ప్రే అలవాటైపోతుందా? ముక్కులో కండ పెరిగిందన్నారు, ఆపరేషన్ చేయిస్తే పూర్తిగా పోతుందా? కషాయాలు ఏమైనా పనిచేస్తాయా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా

జవాబు: (ఈఎన్‌టీ వైద్యులు, తిరుపతి)

అమ్మా, మీరు అడిగింది స్ప్రే గురించి. నా కళ్లు మాత్రం మీ ఉత్తరంలో రెండు మాటల దగ్గర ఆగిపోయాయి. ఒకటి "పొట్లం కట్టి ఇస్తారు". రెండోది "రాత్రిళ్లు పిల్లికూతలు". స్ప్రే సంగతి తర్వాత చెబుతాను, ముందు ఈ రెండూ మాట్లాడుకుందాం.

ఆ పొట్లంలో ఏముందో కళ్లతో చూడకుండా నేను ఖాయంగా చెప్పలేను. కానీ ఓపీలో నా టేబుల్ మీదికి వచ్చే పొట్లాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. పోయిన వారం పీలేరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. వాడుతున్న మందులన్నీ చూపించమంటే చొక్కా జేబులోంచి పాత క్యాలెండర్ కాగితం తీసి విప్పారు. స్ట్రిప్పును కత్తెరతో ఒక్కో మాత్రకు కత్తిరించి ఇచ్చారు. మందు పేరు ఉండే ముక్క షాపులోనే ఉండిపోయింది. రేకు వెనక సగం తెగిన అక్షరాలు వెలుతురులో పెట్టి చదివితే ఒకటి అలర్జీ మాత్ర, ఒకటి శ్వాసనాళాలు తెరిచే సాల్బుటమాల్, మూడోది బీటామెథసోన్. ఆ మూడోది స్టెరాయిడ్. రెండేళ్లుగా మింగుతున్న ఆయనకు ఆ సంగతి తెలియదు. ముంజేతుల చర్మం ఉల్లిపొరలా పల్చబడిపోయింది, గడియారం పట్టీ ఒరుసుకున్న చోట కూడా నల్లటి మచ్చలు. షుగర్ ఉందని ఆయనకు తెలిసింది ఆ రోజే.

మీ పొట్లంలోనూ అదే ఉందని అనడం లేదు. పొద్దున వేసుకుంటే సాయంత్రానికి ఆయాసం, తుమ్ములు రెండూ మాయమైపోతున్నాయంటే నాకు అనుమానం వస్తుంది, అంతే.

ఒక్కసారి లెక్క చూడండి. బీటామెథసోన్ చిన్న మాత్రలో 0.5 మిల్లీగ్రాములు, అంటే 500 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. మింగితే ఎక్కువ భాగం రక్తంలోకి వెళ్లి ఒళ్లంతా తిరుగుతుంది. బలంలో అది ప్రెడ్నిసలోన్ అనే ఇంకో స్టెరాయిడ్ సుమారు 4 మిల్లీగ్రాములకి సమానం. మీకు రాసిన స్ప్రే ఏదో మీరు రాయలేదు. సాధారణంగా రాసే ఫ్లూటికసోన్ ప్రొపియోనేట్ అయితే ఒక్కసారి నొక్కితే 50 మైక్రోగ్రాములు. పెద్దవాళ్లు రోజుకు ఒక్కో రంధ్రంలో రెండేసి సార్లు కొట్టుకుంటే మొత్తం 200. అందులో కొంత ముక్కు పొర మీద నిలిచి పనిచేస్తుంది, మిగతాది గొంతులోకి జారి పొట్టలోకి పోతుంది, అక్కడి నుంచి కాలేయానికి వెళ్లి విరిగిపోతుంది. రక్తంలో చేరేది 2 శాతం కన్నా తక్కువ, అంటే మహా అయితే 4 మైక్రోగ్రాములు. ఏ మందు బలం దానిదే, కాబట్టి ఈ అంకెలను పక్కపక్కన పెట్టి తూకం వేయకూడదు. అయినా మీరు దేనికి భయపడాలో, దేనికి అంతగా భయపడనక్కర్లేదో తెలియడానికి ఇది చాలు. ఒళ్లు రావడం, మొహం గుండ్రంగా ఉబ్బడం, బీపీ, షుగర్, ఎముకలు గుల్లబారడం, కంట్లో శుక్లాలు... మీ ఆడపడుచు చెప్పిన భయాలు నిజమైనవే. కానీ అవి ముఖ్యంగా ఎక్కువ రోజులు మింగే మాత్రలు, సూదుల వల్ల వచ్చేవి. 2021లో మనం చూసిన బ్లాక్ ఫంగస్ కూడా ఎక్కువగా అదుపులో లేని షుగర్, దానికి తోడు పెద్ద మోతాదు స్టెరాయిడ్లు పడినవారికి వచ్చింది. అలర్జీకి ముక్కులో కొట్టే స్ప్రేతో దానికి ముడిపెట్టకండి.

ఇప్పుడు చాలా ముఖ్యమైన మాట. ఇది చదివి భయంతో ఆ మాత్రలు రేపటి నుంచే ఆపేయకండి. స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలం మింగితే మన ఒంట్లో సహజంగా ఆ పని చేసే అడ్రినల్ గ్రంథులు మందగిస్తాయి. మాత్ర ఒక్కసారిగా ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం జరగొచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. మీరు విడతలు విడతలుగా వేసుకుంటున్నారు కాబట్టి మీకు ఆ ప్రమాదం ఎంతో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఈ వారంలోనే ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. పొట్లం, ఖాళీ రేకులు, ముక్కు చుక్కల సీసా అన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. "ఇంగ్లిషు మందులు వాడతాను" అంటే మాకు ఏమీ అర్థం కాదు. బీపీ, షుగర్, బరువు చూస్తారు, కంటి ప్రెజర్ కూడా ఒకసారి చూపించుకోండి. ఈలోపు ఎప్పుడైనా ఆపరేషన్ కోసమో, విపరీతమైన జ్వరం, వాంతులతోనో ఆసుపత్రికి వెళ్తే ఈ మాత్రల సంగతి ముందే చెప్పండి.

మందులషాపు వాళ్లంతా చెడ్డవాళ్లని నేను అనడం లేదు. అర్ధరాత్రి తలుపు కొడితే మందిచ్చే మనిషి పల్లెకు ఆయనే. కానీ ఈ మాత్రలు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడనివి. ఈ పొట్లం సంగతి డాక్టర్ తేల్చాక, ఇకపై పేరు తెలియని మాత్రను నోట్లో వేసుకోనని మీరు ఒక నియమం పెట్టుకోవాలమ్మా. కనీసం "అన్నా, స్ట్రిప్పు కత్తిరించకుండా పేరు కనబడేలా ఇవ్వు" అని అడగండి. నెలకు పది పన్నెండు రోజులు ఏం మింగుతున్నారో అడగకుండా ఉన్నారంటే నాకు కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది.

ఇక పిల్లికూతలు. ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా ఉండేది ఒకటే దారి. ముక్కు అలర్జీ ఉన్నవాళ్లలో చాలామందికి ఆస్తమా కూడా ఉంటుంది, ముక్కుకి వైద్యం చేయకపోతే ఛాతీ కూడా అదుపులోకి రావడం కష్టం. మీ లక్షణాలు ఆస్తమా లాగానే ఉన్నాయి, కానీ ఉత్తరం చదివి ఆస్తమా అని రాసేయలేను. స్పైరోమెట్రీ అని ఊదే పరీక్ష ఉంటుంది. గొట్టంలోకి గట్టిగా ఊదిస్తారు, తర్వాత శ్వాసనాళాలు తెరుచుకునే మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారు. రెండోసారి ఊదిన గాలి 200 మిల్లీలీటర్లు, 12 శాతం పైగా పెరిగితే ఆస్తమా వైపే చూస్తాం. తిరుపతిలో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులకు వస్తే ఈ పరీక్ష కష్టం కాదు. దగ్గు రెండు వారాలు దాటి ఉంటే కళ్లె పరీక్ష కూడా చేయించండి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. స్టెరాయిడ్ మాత్రల చాటున టీబీ దాగి ఉండటం నేను చూశాను.

ఆస్తమా అని తేలితే ఇన్‌హేలర్ రాస్తారు. "పంపు పెట్టారంటే ఇక ఆఖరు" అనే మాట మన జిల్లాలో ఇంకా వినపడుతూనే ఉంది. దాన్ని నమ్మకండి. మాత్రలో ఒళ్లంతా తిరిగే మందు, ఇన్‌హేలర్‌లో కావలసిన చోటికి కొద్దిగా వెళ్తుంది. పక్కింటివాళ్ల నీలం రంగు పంపు తెచ్చి ఆయాసం వచ్చినప్పుడల్లా కొట్టుకుంటూ కాలం గడపకండి. అది అప్పటికి దారి తెరుస్తుంది, లోపలి వాపుని తగ్గించదు.

సరే, అలవాటు గురించి అడిగారు. మీకు ఇప్పటికే ఒకటి అలవాటైంది, అది స్ప్రే కాదు, ఆ చుక్కల మందు. సీసా మీద ఆక్సీమెటాజోలిన్ అనో జైలోమెటాజోలిన్ అనో ఉందేమో చూడండి. అవి ముక్కు లోపలి రక్తనాళాలను బిగిస్తాయి, రెండు నిమిషాల్లో గాలి ఆడుతుంది. మందు ప్రభావం దిగాక నాళాలు మునుపటి కన్నా ఎక్కువ ఉబ్బుతాయి, మళ్లీ చుక్కలు వేయాల్సి వస్తుంది. మూడు నుంచి ఐదు రోజులు, అంతకు మించి వాడకూడని మందు అది. మీరు ఏడాది వాడారు. రాత్రి ముక్కు బిగుసుకుపోవడంలో సగం ఆ చుక్కల పనే అయి ఉండొచ్చు. బీపీ ఉన్నవాళ్లకు ఇంకా ప్రమాదం.

మాన్పించే పద్ధతి ఉంది. స్టెరాయిడ్ స్ప్రే రోజూ మొదలుపెట్టి, చుక్కలు ముందు ఒక వైపు రంధ్రానికి ఆపమంటాం, అటువైపు గాలి ఆడాక రెండోవైపు. వారం పది రోజులు నిద్ర సరిగా పట్టదు. తల కింద ఇంకో దిండు పెట్టుకోండి, ఉప్పునీటి స్ప్రే వాడుకోండి. ఇంట్లోనే ఉప్పునీళ్లు కలుపుకునేవాళ్లు నీళ్లు కాచి చల్లార్చినవే వాడాలి, కుళాయి నీళ్లు, బావి నీళ్లు నేరుగా ముక్కులోకి ఎక్కించొద్దు.

నాలుగు రోజులకే గుణం లేదని స్ప్రే మానేశారు. అది చుక్కల మందులా అప్పటికప్పుడు తెరిచేది కాదమ్మా. పని సగం రోజులో మొదలవుతుంది, పూర్తి ఫలితం తెలియడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. రోజూ కొట్టాలి, తుమ్ములు వచ్చిన రోజే కొడతానంటే లాభం ఉండదు. కనీసం నెల వాడి చూశాకే పనిచేసిందా లేదా అని డాక్టర్‌తో మాట్లాడండి. ముక్కు స్టెరాయిడ్ స్ప్రేలు 1970ల నుంచి వాడుకలో ఉన్నాయి, కొత్త ప్రయోగం ఏమీ కాదు.

రక్తపు చార గురించి: అది ఈ స్ప్రేలతో తరచుగా కనిపించేదే, చాలాసార్లు కొట్టే పద్ధతి వల్ల వస్తుంది. నా దగ్గరికి వచ్చినవాళ్లను "ఎలా కొడుతున్నారో చూపించండి" అంటాను. పదిమందిలో ఏడెనిమిది మంది తల వెనక్కి వాల్చి, మొన నిటారుగా మధ్య గోడకు ఆనించి, నొక్కి గట్టిగా ఎగపీలుస్తారు. మందంతా గొంతులోకి పోతుంది, మధ్యగోడ పొర ఎండి చిట్లుతుంది. ముందు ముక్కు మెల్లగా చీదుకోండి. సీసా ఊపండి. కొత్త సీసా అయితే మందు పొగమంచులా వచ్చేదాకా గాలిలోకి నొక్కండి. తల కొంచెం ముందుకు వంచండి. ఎడమ రంధ్రానికి కుడి చేయి, కుడి రంధ్రానికి ఎడమ చేయి వాడితే మొన దానంతట అదే బయటి గోడ వైపు, కంటి బయటి కొస వైపు తిరుగుతుంది. నొక్కుతూ మెల్లగా పీల్చండి, పూల వాసన చూసినంత మెత్తగా. వెంటనే చీదొద్దు. గొంతులో చేదుగా మందు దిగితే ఎక్కువ పీల్చారని అర్థం. మళ్లీ రక్తం వస్తే ఒకటి రెండు రోజులు ఆపి డాక్టర్‌కి చూపించండి. ఎక్కువగా కారితే అదే రోజు వెళ్లాలి.

గ్లకోమా (కంటి ప్రెజర్ పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు, ముక్కుకి ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, హెచ్‌ఐవీకి రిటోనవిర్ లాంటి మందులు వాడేవాళ్లు ఆ సంగతి చెప్పకుండా ఈ స్ప్రే మొదలుపెట్టకూడదు. పిల్లలకు మోతాదు వేరు, మీ సీసాతో వాళ్లకు కొట్టకండి.

కండ అంటారు కానీ, అలర్జీలో ముక్కు పక్కగోడలు ఉబ్బినా అదే పేరు, పాలిప్స్ (ముక్కు లోపల వేలాడే మెత్తని కండలు) వచ్చినా అదే పేరు. రెండింటికీ మొదట వాడేది ఈ స్ప్రేనే. ఎండోస్కోపీ, అంటే సన్నని గొట్టం కెమెరాతో ముక్కు లోపల చూశాకే ఆపరేషన్ మాట. చేయించినా అలర్జీ పోదు, తర్వాత కూడా స్ప్రే వాడాల్సి రావచ్చు. మీకు వాసన తెలియకుండా పోయిందా? ఒళ్లు నొప్పుల మాత్ర వేసుకుంటే ఆయాసం ఎక్కువవుతోందా? అవునంటే ఆ రకం మాత్రలు ఇక ముట్టుకోకండి, డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ఒకే వైపు దిబ్బడ, ఒకే వైపు రక్తం, చెంప వాపు ఉంటే ఆలస్యం చేయకూడదు.

కషాయం తాగితే నేను వద్దనను, దాన్ని నమ్ముకుని ఇన్‌హేలర్ మాత్రం ఆపొద్దు. ఆయాసానికని పేరు లేని పొడులు అమ్ముతుంటారు, అలాంటి వాటిలోనూ స్టెరాయిడ్ కలిపినట్టు పరీక్షల్లో తేలిన సందర్భాలున్నాయి.

గానుగ మీ చేతిలో లేదు, తెలుసు. చెరకు పిప్పి మండించిన పొగ ఉబ్బిన ముక్కుకి, ఛాతీకి కారం చల్లినట్టే. వంట జరిగే వేళల్లో అటువైపు కిటికీలు మూసి, మీ మంచం ఇంటి ముందువైపుకి మార్చుకోండి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతకండి. కార్తీకం వానలకు గోడ చెమ్మెక్కిన గదిలో పడుకోవద్దు, పరుపులో పెరిగే డస్ట్ మైట్ అనే కంటికి కనపడని పురుగుకి ఆ చెమ్మే బలం. మస్కిటో కాయిల్ బదులు దోమతెర కట్టుకోండి.

ఈ జవాబు మీ ఉత్తరాన్ని బట్టి రాసింది, మిమ్మల్ని పరీక్షించి రాసింది కాదు. మందు మార్చడం, ఆపడం మీ డాక్టర్ చూశాకే. ఈలోగా ఏ రాత్రయినా ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా, పొట్లం కోసం షాపుకి మనిషిని పంపకండి. 108కి ఫోన్ చేయండి, వాడుతున్న మందుల కవరు చేత్తో పట్టుకుని ఎక్కండి.