ఘాటు పని మొదలుపెట్టబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

వానలకు శ్రీశైలం ఘాటులో గట్టు జారి సగం రోడ్డు బండల కింద పడిందని, లోయవైపు అంచు కూడా కోసుకుపోయిందని, ఆ పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రోడ్డు బంద్ పెట్టొద్దు, పని కూడా ఆగొద్దు అన్నారట పైవాళ్లు. నువ్వు టెన్షన్ పడుతున్నావని విన్నాను. వాళ్లు అడిగింది కష్టమే కానీ, న్యాయమైనదే. ఆ దారి మూస్తే హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయేవాళ్లు కర్నూలు, ఆత్మకూరు, దోర్నాల మీదుగా చుట్టూ తిరగాలి. యాత్రికుల సంగతి పక్కన పెట్టు. ఈగలపెంటలో కరెంటు ప్రాజెక్టు వాళ్లున్నారు, దోమలపెంట జనం ఉన్నారు, చెంచుపెంటలున్నాయి. అక్కడ ఒక ఆడబిడ్డకు నొప్పులొస్తే అచ్చంపేటకు రావడానికి ఉన్నది ఈ రోడ్డే.

మొన్న 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను నీళ్లకు ఇదే హైవే డిండి దగ్గర తెగింది. అది మైదానం. అలాంటి చోట పక్కన తూములు వేసి, మట్టి పోసి డైవర్షన్ తీయొచ్చు. ఘాటులో ఒకవైపు గట్టు, ఇంకోవైపు లోయ. డైవర్షన్ అనేది లేదు. ఉన్న సగం రోడ్డు మీదే బండ్లు పోవాలి, మిగిలిన సగం మీదే నీ మనుషులు పని చేయాలి. అందుకే జేసీబీ కంటే ముందు బండ్లను ఎక్కడ ఆపాలో తేల్చుకో. నేను నీకు చెప్పదలచుకున్న అసలు మాట ఇదే.

చాలామంది పని జరిగే చోటికి నాలుగు అడుగుల దూరంలో ఎర్రజెండా పట్టుకున్న మనిషిని నిలబెట్టి గేటు అంటారు. అది ప్రమాదం. క్యూ అంతా జారిన గట్టు కిందే నిలబడుతుంది. మలుపు తిరిగి వచ్చే లారీకి ముందున్న క్యూ కనబడదు. గేటు మలుపుకు దూరంగా, కాస్త చదునైన చోట, పైన బండలు లేని చోట ఉండాలి. లోడు లారీ ఆగి మళ్లీ ఎత్తు ఎక్కగలగాలి. ఎక్కువసేపు ఆపాల్సి వస్తే అక్కడ కూడా వద్దు, ఊళ్లోనే ఆపు. మన్ననూర్‌లో, వటవర్లపల్లిలో, దోమలపెంటలో నీళ్లు, టీ దొరుకుతాయి, ఆడవాళ్లకు మరుగు ఉంటుంది. అడవి మధ్యలో గంట ఆపితే పిల్లలు దిగి తిరుగుతారు, తిండి చూసి కోతులు మూగుతాయి, ప్లాస్టిక్ అంతా అడవిలో పడుతుంది. ఫారెస్టు వాళ్లు ముందు నిన్నే అడుగుతారు, అడగాలి కూడా. అది పులుల అభయారణ్యం.

రెండు గేట్ల మధ్య ఫోన్ సిగ్నల్‌ను నమ్మొద్దు. వాకీటాకీలు అడుగు. అవి వచ్చేదాకా కర్ర పద్ధతి పెట్టు. ఒక గేటు నుంచి వదిలిన ఆఖరి బండి డ్రైవర్ చేతికి ఎర్ర రంగు పూసిన కర్ర ఇవ్వాలి. అది అవతలి గేటు మనిషి చేతికి వచ్చేదాకా అక్కడ ఒక్క బైక్‌ను కూడా వదలకూడదు. క్యూలో ఆర్టీసీ బస్సు ఉంటే దాన్నే ఆఖరున పంపి కర్ర దానికే ఇవ్వు. ఆ డ్రైవర్లకు ఆ దారిలో ప్రతి మలుపూ తెలుసు, మాట నిలబెడతారు. బైకుల వాళ్లు సందుల్లోంచి దూరిపోతారు కాబట్టి వాళ్లను ముందు వరుసలో నిలబెట్టి ముందే పంపు. రెండువైపులా బండ్లుంటే ఎక్కేవాటిని ముందు వదులు. ఇరుకు ఘాటులో దిగే బండి ఎక్కే బండికి దారి ఇవ్వాలని రోడ్డు నిబంధనల్లోనే ఉంది.

ఎంతసేపు ఆగాలో నిజం చెప్పమను. పది నిమిషాలని చెప్పి గంట ఆపితే ఆ మర్నాడు గేటు దగ్గర నీ మనిషి మాట ఎవరూ వినరు. గంట పడుతుందంటే గంట అనే చెప్పాలి. జనం దిగి టీ తాగుతారు, ఎవరూ గొడవ పడరు.

రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవి చెక్‌పోస్టులు మూసి ఉంటాయి కదా. రోడ్డు ఖాళీ కాబట్టి రాత్రంతా పని చేద్దామని కాంట్రాక్టర్ అంటాడు. ఒప్పుకోవద్దు. జంతువుల మాట ఒకటి, చీకట్లో పైనుంచి రాయి కదిలితే కనబడకపోవడం ఇంకొకటి. పొద్దున ఆరు కొట్టగానే చెక్‌పోస్టు దగ్గర రాత్రంతా ఆగిన బండ్లన్నీ ఒక్కసారి మీద పడతాయి. ఆ రద్దీ దాటేదాకా బండలు కదిలించే పని పెట్టకు. డ్రెయిన్లు తీయడం, అంచుకు పెట్టే రాళ్ల బుట్టలు కట్టడం లాంటివి చేయించు. సాయంత్రం కూడా ఆఖరి క్యూ తొమ్మిదిలోపు చెక్‌పోస్టు దాటేలా ముందే పని ఆపాలి. కార్తీకమాసం సోమవారాలు, శివరాత్రి ముందు రోజులు, డ్యామ్ గేట్లు ఎత్తిన ఆదివారాలు పెద్ద పని పెట్టకు. తుపాన్ల కాలమూ కార్తీకమూ దాదాపు కలిసే వస్తాయి, కాబట్టి క్యాలెండర్ ముందు పెట్టుకొని ప్రోగ్రాం రాయి.

ఇక గట్టు సంగతి. అక్కడ గట్టి బండల మధ్య మెత్తని పలకరాయి పొరలుంటాయి. నీళ్లు దిగి ఆ పొర మెత్తబడితే పైబండకు ఆధారం పోతుంది. రోడ్డు మీద పడ్డ మట్టి అడ్డమే కావచ్చు, కానీ చాలాచోట్ల పైనున్న మట్టిని ఆపుతున్నది అదే. జేసీబీతో కింది మట్టి మొత్తం ఒకేసారి తోడేస్తే మిగిలింది కూడా జారుతుంది. మొదట ఒక బండి పోయేంత వెడల్పు మాత్రమే తీయించు. తర్వాత పైన వదులుగా ఉన్న రాళ్లను గడ్డపారలతో దింపించి, పైనుంచి కిందికి పని తెచ్చుకో. ఆ సమయంలో రెండు గేట్లూ మూసే ఉండాలి, కింద ఒక్క మనిషి ఉండకూడదు. పెద్ద బండ పడితే పేల్చనివ్వకు, బ్రేకర్‌తో పగలగొట్టించు. వాన పడుతున్నప్పుడే కాదు, ఆగాక కూడా కొన్ని గంటలు గట్టు జోలికి పోవద్దు. పని జరిగినంతసేపు ఒక మనిషి చేతిలో ఈలతో గట్టు వైపే చూస్తూ నిలబడాలి. వేరే పని ఏదీ అతనికి చెప్పకు. చిన్న రాళ్లు రాలుతున్నాయంటే ఈల కొట్టాలి, అందరూ పరుగెత్తాలి. ఎటు పరుగెత్తాలో పొద్దున్నే చూపించు.

వీటన్నిటికంటే ముందు నీళ్లకు దారి చూపించాలి. నువ్వే గట్టు పైకి ఎక్కు, లోయలోకి కూడా దిగు. పైన ఎక్కడి నుంచి నీళ్లొస్తున్నాయో, కింద రోడ్డు అంచు ఎంత లోపలికి తొలిచిందో నడిచి చూస్తేనే తెలుస్తుంది. కల్వర్టు తూములో ఆకులు, కొమ్మలు, రాళ్లు నిండి ఉంటాయి. అవి తీయకుండా పైన ఎంత కంకర పోసినా వచ్చే వానకు మళ్లీ పోతుంది. గట్టు పైన నీళ్లను పక్కకు మళ్లించే కాలువ తవ్వించు. పగుళ్లను జిగటమట్టితో కూరించు.

లోయవైపు అంచుకు సమాంతరంగా తారులో సన్నని పగులు కనిపిస్తే, దాని అవతలి భాగం రోడ్డు కాదనుకో. పగులుకు కనీసం ఒక మీటరు లోపలికి డ్రమ్ములు పెట్టించు, వాటికి మెరిసే టేపు వేయించు. లోడు బండ్లన్నీ గట్టువైపే నడవాలి. రోలర్‌ను కూడా ఆ అంచుకు పోనివ్వకు. తెగిన చోట తాత్కాలికంగా గేబియన్ బుట్టలు, అంటే రాళ్లు నింపే ఇనుప తీగ వల బుట్టలు, బాగా పనికొస్తాయి. లోపల వేసే రాయి వల కంటికంటే పెద్దదిగా ఉండాలి. చేత్తో పేర్చాలి, జేసీబీతో కుమ్మరిస్తే బుట్ట ఉబ్బిపోతుంది. వెనక నింపే మట్టికి ముందు పాత వాలును మెట్లు మెట్లుగా కోయించి, ఇరవై సెంటీమీటర్ల పొరలుగా వేసి, పొర పొరా తొక్కించు. నల్లమట్టి వద్దు, మొరం వాడు. ఆ మొరం కూడా అడవిలోంచి ఒక్క తట్ట తీయొద్దు, బయటి క్వారీ నుంచే రావాలి. తీసిన మట్టిని లోయలోకి తోయొద్దు, టిప్పర్లలో బయటికి పంపు. ఖర్చు ఎక్కువే, ఎస్టిమేట్‌లో ముందే రాసుకో.

తారు తొందర పడకు. తేమ మీద వేస్తే లేచిపోతుంది. అప్పటిదాకా కంకరను బాగా తొక్కించి ఉంచు, చాలు.

అంబులెన్స్ వస్తే నిమిషాల్లో దారి ఇవ్వగలిగేలా జేసీబీ, టిప్పర్లు ఒకే పక్కన, ముందుకు పోయేలా నిలబెట్టించు. వాకీటాకీలో "108" అనగానే అందరూ పని ఆపాలని మొదటిరోజే చెప్పు.

పని పూర్తయ్యాక కూడా డ్రమ్ములు వెంటనే తీయకు. ఒక గట్టి వాన పడి, కల్వర్టులో నీళ్లు సాఫీగా పోయి, పాత పగులు మీద కొత్త పగులు రాలేదని చూశాకే రెండు వరుసలూ వదులు. లోయవైపు నుంచి తీసిన ఫోటోలు పంపు. ఆ బుట్టల బదులు కట్టే పక్కా గోడ డ్రాయింగ్ వచ్చాక ఒకసారి ఫోన్ చెయ్యి, పునాది లోతు గురించి, నీళ్లు బయటికొచ్చే రంధ్రాల గురించి మాట్లాడుకుందాం.

మీ మామయ్య