ఇంటి పెరట్లో కోళ్లు: కంచె ఎంత ఎత్తు కట్టాలి?

మధురవాడలో సొంతింటి పెరట్లో ఆరు నాటుకోళ్లు పెంచుకోవాలనుందని, పక్కింటాయన అప్పుడే కంప్లయింట్ ఇస్తానంటున్నాడని, చట్టప్రకారం కంచె ఎంత ఎత్తుండాలని అడిగారు. మాది పెందుర్తి. ఈ టెన్షన్ మేమూ పడ్డాం.

నేనూ మొదట కంచె రూలే వెతికాను. ఎత్తు చెప్పేదేదీ నాకు కనపడలేదు. దొరికింది 1871 నాటి పశువుల చట్టం, పరాయి చేలో పడ్డ పశువుల్ని కట్టేసే బందెలదొడ్డికి ఇప్పటికీ ఆధారం అదే. అందులో గేదె, మేక, పంది ఉన్నాయి, చివరికి ఏనుగు, ఒంటె కూడా ఉన్నాయి గానీ కోడి లేదు! అలాగని సంబరపడకండి. వాసన, చప్పుడు వీధి మొత్తానికి ఇబ్బందైతే పబ్లిక్ న్యూసెన్స్ కింద ఫిర్యాదు చేయొచ్చు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్‌లో అది 152వ సెక్షన్, పాతదాంట్లో 133. ఇబ్బంది పక్కింటికి మాత్రమే అయితే వాళ్లు సివిల్ కోర్టుకి వెళ్లాలి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) నిబంధనలేమిటో ముందే మీ వార్డు సచివాలయంలో కనుక్కోండి.

మా గొడవ మాత్రం వడియాలతో మొదలైంది. పక్కింటి పిన్నిగారు వాకిట్లో మంచం మీద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టారు. మా పెట్ట జామచెట్టెక్కి, గోడ దాటి, వాటి మీద నడిచింది. పచ్చి వడియాల మీద వరసగా కాలి గుర్తులు. "నీ కోళ్లకి మీ పెరడు చాల్లేదేటమ్మా?" అన్నారావిడ. ఏం చెప్పను?

ఆ మర్నాడే ఆరడుగుల ఎత్తున మెష్ కట్టించాం. పైన కూడా మూశాం. పలుచటి కోడి జాలీ కొనకండి, ముంగిస దాన్ని కొరికేస్తుంది. అరంగుళం కన్నాల వెల్డెడ్ మెష్ తీసుకుని, అడుగు లోతు పాతండి. పెట్టలకి ఒక్క రెక్క ఈకలే కత్తిరించాం. రెండూ కత్తిరిస్తే బ్యాలెన్స్ సరిపోయి ఎలాగోలా ఎగిరిపోతాయి.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి పుంజు. తెల్లవారుజామున మూడున్నరకే మొదలెట్టేది. గుడ్ల కోసమైతే పుంజు అసలు అక్కర్లేదు, పిల్లలు పొదిగించాలంటేనే కావాలి. సంక్రాంతి ముందు పందేలకని ఎవరో బేరమాడారు గానీ, ఇవ్వబుద్ధి కాక ఎస్.కోటలో అత్తగారింటికి పంపేశాం. వానాకాలంలో కోళ్ల కింద పరిచిన ఊక తడిస్తే అదే కంపు కొడుతుంది, రెండు రోజులకోసారి మార్చండి.

పిన్నిగారు ఇప్పటికీ ముభావంగానే ఉంటారు. వడియాలు మాత్రం డాబా మీద పెడుతున్నారు.