ఈస్టర్ తర్వాత వచ్చే ఆరోహణ, పెంతెకొస్తు పండుగలు దేనికి?

యేసు పరలోకానికి వెళ్లినందుకు గుర్తు ఆరోహణ పండుగ, శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చినందుకు గుర్తు పెంతెకొస్తు. ఈస్టర్ తేదీ ఏటా మారుతుంది కాబట్టి దాంతోపాటే ఇవీ మారతాయి. ఈస్టర్‌నే మొదటి రోజుగా లెక్కపెట్టాలి (తికమక పడేది ఇక్కడే): 40వ రోజు గురువారం ఆరోహణ, 50వ రోజు ఆదివారం పెంతెకొస్తు. 2025లో ఈస్టర్ ఏప్రిల్ 20న వస్తే ఆరోహణ మే 29న, పెంతెకొస్తు జూన్ 8న వచ్చాయి.

పెంతెకొస్తు అంటే గ్రీకులో యాభయ్యవది అని. అసలది యూదుల కోతల పండుగ పేరు. శిష్యులకు ఆత్మ దిగివచ్చింది ఆ పండుగనాడే అని బైబిల్లోని అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం చెబుతుంది.

పేరు చూసి చాలామంది ఇది పెంతెకొస్తు సంఘాలవాళ్ల పండుగే అనుకుంటారు. ఆ సంఘాలు పుట్టింది 20వ శతాబ్దం మొదట్లో; కేథలిక్కులు, లూథరన్లు, సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లు కూడా దీన్ని జరుపుకుంటారు.